వెలిగే చర్చి ఎవరిది?

అక్కా,

ముందు 'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. ఎలా ఉన్నావని కూడా అడగను. బాగానే ఉన్నావని నువ్వు పంపిన ఫొటోలో కనబడుతూనే ఉంది. నీ కూతురు కొత్త గౌను వేసుకుని నవ్వుతోంది. దాని వెనక క్రిస్మస్ చెట్టుకి అమ్మ చర్చి వేలాడుతోంది. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని, నీకు చూపు సరిగా ఆనలేదేమో అని మాత్రం అనకు.

అమ్మ గది ఖాళీ చేసిన రోజు ఆ చర్చి కోసమే నేను అలమర అంతా తిరగేశాను. నువ్వు పక్కనే దుప్పట్లు మడతపెడుతూ "ఏం వెతుకుతున్నావే?" అన్నావు. నేను చెప్పలేదు. అమ్మ పోయి వారం తిరగలేదు, అప్పుడే బొమ్మల మీద పడిందనుకుంటావని సిగ్గేసింది.

బొమ్మే. అరచేతిలో ఇమిడిపోతుంది. అడుగున మీట నొక్కితే రంగు కిటికీలన్నీ లోపల్నించి వెలుగుతాయి. ఆ కంపెనీ ఏడాదికొక చర్చి చేసి, ఏడాది తిరగ్గానే అచ్చు పగలగొట్టేసేదని నాన్న చెప్పేవాడు. అలాంటివి సేకరించే ఆయనొకడు ఇంటికొచ్చి ఎంత బతిమాలినా అమ్మ ఇవ్వలేదు, గుర్తుందా?

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. అమ్మకి నేను తోడుండడం మొదలైన రెండో ఏడు, వేరే ఊళ్ళో పెద్ద దుకాణం వాళ్ళు నన్ను రమ్మన్నారు. దుకాణం మొత్తం నా చేతిలో పెడతామన్నారు. అమ్మతో చెప్పాను. సాయంత్రం తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఆ చర్చి నీదేనే. పెద్దదానితో అనకు, బాధపడుతుంది" అంది. మర్నాడే ఆ ఉద్యోగం వద్దని చెప్పేశాను. నవ్వుకో. బొమ్మకి ఆశపడి కాదు. ముగ్గురు పిల్లల్లో నేనే తనకి కావలసినదాన్నని అమ్మ నోటితో చెప్పిందని. ఆమెకి స్నానం చేయించేటప్పుడు, పక్కబట్టలు ఉతికేటప్పుడు, ఒళ్ళు మండిపోయి ఎక్కడికైనా పారిపోదామనిపించినప్పుడు ఆ ఒక్క మాట తలుచుకుని దిగమింగుకున్నాను.

నువ్వు దాన్ని చడీచప్పుడు లేకుండా సంచిలో వేసుకుపోయావు. ఈ పండక్కి నేను రాను. పిలవకు.

చెల్లెలు

*

చిట్టీ,

పిల్లల్ని బడి దగ్గర దింపేసి, ఖాళీ బస్సులో స్టీరింగు ముందే కూర్చుని నీ ఉత్తరం చదివాను. రెండోసారి కూడా చదివాకే బండి తీశాను. దొంగ అన్న మాటొక్కటే నువ్వు రాయలేదు. అది కూడా రాసెయ్యాల్సింది.

నేను తియ్యలేదే. అమ్మే ఇచ్చింది. పోయిన క్రిస్మస్ వెళ్ళాక మా ఇంట్లో గొడవైంది. "వారమంతా బస్సు, ఆదివారమంతా మీ అమ్మ. ఇంక నేనెప్పుడు?" అన్నాడు మీ బావ. ఆయన అన్నదాంట్లోనూ తప్పులేదు. ఇక నెలకోసారే వస్తానని అమ్మతో చెప్పాను. నువ్వు పనిలో ఉన్నావప్పుడు. అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి, అలమర తీసి ఆ చర్చి ఉన్న డబ్బా నా చేతిలో పెట్టింది. "ఇది నీకని దాచాను. చిన్నదానికి తెలియనివ్వకు, అలుగుతుంది" అంది. ఆ తర్వాత అమ్మ పోయేదాకా ఒక్క ఆదివారం మానలేదు నేను. మీ బావతో పడరాని మాటలు పడ్డాను.

నువ్వు చేసిన చాకిరీ నాకు తెలుసు. కానీ ఎప్పుడైనా నా వైపు నుంచి చూశావా? ఆరేళ్ళు అమ్మ నీకు దక్కింది. పొద్దున లేస్తే నీ పేరే పిలిచేది. నేను వస్తే "వచ్చావా, కూర్చో" అనేది, చుట్టాన్ని పలకరించినట్టు. నాకు మిగిలింది ఆ చర్చి ఒక్కటే. అది కూడా నీకే కావాలంటే తీసుకో. తమ్ముడితో పంపిస్తున్నాను.

అక్క

*

అక్కా,

తమ్ముడు నిన్న బేకరీ నుంచి నేరుగా వచ్చాడు, పిండి అంటిన చొక్కాతోనే. డబ్బా బల్లమీద పెట్టి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. టీ ఇస్తే తాగడు.

"ఏమైందిరా?"

"తిట్టనంటే చెప్తాను, చిన్నక్కా."

"తిడతాను. చెప్పు."

"అది నాది. నాకిస్తానంది అమ్మ."

వీడు దూరాన సొంత బేకరీ పెట్టుకుందామని కొట్టు కూడా చూసుకున్నాడట. వెళ్ళేముందు చెప్పడానికి వస్తే, "ఆ చర్చి నీకేరా. అక్కలతో అనకు, నన్ను బతకనివ్వరు" అందట. వీడు మూటాముల్లె విప్పేసి ఇక్కడే ఉండిపోయాడు.

"మరి ఇన్నాళ్ళూ అడగవేంరా?"

"మీరిద్దరుండగా నా దాకా ఏం వస్తుందిలే అని."

నీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరు కదలబోతే వాళ్ళకి ఆ చర్చి ఇచ్చేసింది అమ్మ! ఒక్క బొమ్మతో ముగ్గుర్ని కట్టిపడేసింది. పైగా ఒకరికి తెలియకుండా ఒకరికి. "ఆవిడ దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది చిన్నక్కా?" అన్నాడు వాడు. వాడి మీద కూడా అరిచాను. ఇవ్వమని ఎవరడిగారు? "భయంగా ఉందే, వెళ్ళకు" అంటే ఉండేదాన్ని కాదా? నువ్వు మాత్రం రాకుండా ఉండేదానివా?

వాడు వెళ్ళాక మీట నొక్కాను. వెలిగింది. కాసేపు చూసి ఆర్పేశాను. ఈ పొద్దున ఆ పెద్ద దుకాణానికి ఫోన్ చేశాను. ఆ ఉద్యోగం ఎప్పుడో ఇంకొకరికి వెళ్ళిపోయిందట. కళ్ళద్దాలు చేసే గదిలో మాత్రం మనిషి కావాలన్నారు. వస్తానన్నాను. కొత్త ఏడాదిలో వెళ్తున్నాను. ఈసారి నన్ను ఆపడానికి ఏ మాటా లేదు. అది తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

కోపం ఇంకా తగ్గలేదక్కా. నీ మీద కాదు. చూపిద్దామంటే ఆ మనిషే లేదు. నీకూ ఇలాగే మండిపోతూ ఉంటే పిల్లనీ బావనీ తీసుకుని పండక్కి ఇక్కడికి రా. తమ్ముడు కూడా వస్తానన్నాడు. ముగ్గురం కూర్చుని అమ్మని తనివితీరా తిట్టుకుందాం. మనం కాకపోతే ఆమెని తిట్టుకునే వాళ్ళు ఇంకెవరున్నారు?

నీ
చిట్టి