నూటెనభై గ్రాముల పాట

బామ్మర్దీ సాగర్,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కానీ ఫోన్ చేస్తే మీ అక్క వింటుంది.

నలభై ఏళ్లు సిరిసిల్లలో సాంచాల, అదే మరమగ్గాల, మోతలో బతికిన చెవులివి. ఇంగ్లిషు రాక్ పాటల డ్రమ్ములు తప్ప వీటికేదీ ఆనదు. ఆఖరి సాంచా అమ్మిన డబ్బుతోనే రికార్డు ప్లేయర్ కొన్నాను, అది వేరే కథ.

మొన్న ఒక పాత ఆల్బమ్‌ను కొత్తగా రికార్డు వేశారంటే తెప్పించాను. బిల్లు మీ అక్క చేతిలో పడింది. మూడు వేల రెండు వందలు!

"గీ నల్ల పల్లెంకా?" అంది.

"నూటెనభై గ్రాములది. బరువును బట్టే ధర," అన్నాను. నూలు కొన్న మనిషికి అర్థమయ్యేలా చెప్పానని మురిశాను కూడా.

వెంటనే నూలు తూచే కాంటా మీద పెట్టింది. పదిహేను గ్రాములు తక్కువ! హైదరాబాదు దుకాణానికి ఫోన్ కలిపింది.

"నూలు తూసి తూసి చేతులరిగినోళ్లం కొడుకా, మాకే తూకంల మోసమా?"

దుకాణం అతను జడిసి ఐదు వందలు వాపసు పంపాడు.

ఇప్పుడు "ఇంక ఏడేడ దాసినవ్, అన్ని తూస్త" అంటోంది. మీ ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక దాచిన ఇరవై ఆరు రికార్డులు మాత్రం బయటపెట్టకు. అవి పాతకాలపువి, పలచన. ధర మాత్రం ఇంకా ఎక్కువ. చూసిందంటే ప్లేయర్‌తో సహా అమ్మేస్తుంది.

ఇట్లు,
నీ బావ

తా.క.: కవరు అతికించేలోపే మీ అక్క చీర మార్చుకుని వచ్చింది. కోరుట్లకు, మీ ఇంటికేనట. స్టాంపు దండగని ఉత్తరం తనే తెస్తానంది. సంచిలో కాంటా పెట్టుకుంది.