అత్తయ్యగారి రాయి మీద మరో పేరు

ఫిబ్రవరి, శనివారం.

అత్తయ్యగారూ,

మిరపకాయలు ఎండబోశాను, మీ సమాధికి సున్నం వేయించాను, మీ జ్ఞాపకార్థ కూడికకు వచ్చినవాళ్ళకు వండి పెట్టాను.

బాప్తిస్మం కాకుండా పోయిన నా పసిబిడ్డకు నిత్యజీవం లేదన్నారు మీరు. మన సమాధుల పక్కన చోటు కూడా ఇవ్వనివ్వలేదు. ఇవాళ పాస్టరుగారిని అడిగాను.

"నిత్యజీవం దేవుడు ఊరికే ఇచ్చేదమ్మా. పాపకివ్వడానికి ఆయన ఎవర్నీ అడగడు," అన్నారు.

సాయంత్రం మీ రాతి పలక మీద, మీ పేరు కిందే, పాప పేరు చెక్కించాను.

"అమ్మ రాయి మీద ఆ పిల్ల పేరెందుకు వదినా?" అంది మీ అమ్మాయి.

"పరలోకంలో ఇద్దరూ రోజూ ఎదురుపడాలిగా, అలవాటు చేస్తున్నా," అన్నాను.

నిత్యజీవంలో చావుండదు అత్తయ్యగారూ. పాప ముఖం చూడకుండా ఇక తప్పించుకోలేరు. మీకు నేను బాకీ ఉన్న జవాబు ఇవాళ్టితో చెల్లు.