గంట కొట్టగానే పోయే నెట్

మార్చి 3

ఈ రోజు మా ఇంటికి ఇంటర్నెట్ వేంచేసింది. మొబైల్ సిగ్నల్ బాత్రూమ్ కిటికీ దగ్గర తప్ప ఎక్కడా నిలబడని ఇల్లు కాబట్టి ఇది చారిత్రక ఘట్టం. హాల్లో రాంగ్ నంబర్ల కోసమే బతుకుతున్న ల్యాండ్‌లైన్ ఉంది కదా, ఆ తీగలోంచే వస్తుందట. లైన్‌మాన్ వివరించాడు. మాట కింది అంతస్తులో, నెట్ పై అంతస్తులో నడుస్తాయట. తీగ ఒకటే. కింది వాళ్ళ గోల పైకి ఎక్కకుండా ప్రతి ఫోనుకీ ఫిల్టర్ అని అగ్గిపెట్టెంత డబ్బా తగిలించాలట. ఇంట్లో ఎన్ని ఫోన్లమ్మా అని అడిగాడు. ఒకటే అన్నాను, ఇంజనీరింగ్ పట్టా ఇచ్చిన ధీమాతో.

అమ్మమ్మ గదిలో ఒక పాత నల్ల ఫోను ఉన్నమాట నిజమే. కానీ అది అలంకారం. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసి, రిటైరైనప్పుడు తెచ్చుకుంది. పైన అల్లిక గుడ్డ కప్పి ఉంటుంది. బొమ్మని ఎవరు లెక్కేస్తారు?

మార్చి 5

ఇంటర్వ్యూ! నలభై ఒక్క అప్లికేషన్ల తర్వాత మొట్టమొదటిది. పదిహేడో తారీఖు, పదకొండున్నరకి, వీడియోలో. మిగతా నలభై కంపెనీలూ నేను పుట్టినట్టే గుర్తించలేదు గనక ఇది పోతే నేను పోయినట్టే. అక్కడ కూడా ఇలాగే వాగావంటే తలుపు చూపిస్తారే పిచ్చిమొహమా అని అమ్మమ్మ నెత్తిన మొట్టింది. ఆశీర్వాదంగా స్వీకరించాను.

మార్చి 6, ఉదయం 11.02

నెట్ పోయింది.

మధ్యాహ్నం 12.01

మళ్ళీ.

మార్చి 9

మూడు రోజుల పరిశోధన ఫలితం. హాల్లో గోడ గడియారం గంట కొట్టగానే నెట్ పోతుంది. రెండు మూడు నిమిషాలకి వస్తుంది. నాన్న నేరం ఫ్రిజ్ మీద మోపాడు. పొద్దుటినుంచీ ఫ్రిజ్ ఆపి చూశాం. పాలు విరిగాయి, నెట్ పోయింది, అమ్మ మా ఇద్దరితో మాటలు మానేసింది.

విచిత్రం ఏమిటంటే ఒంటిగంటకీ రెండింటికీ మాత్రం పోదు. ఈ ఫాల్ట్‌కి మధ్యాహ్నం కునుకు కూడా ఉందండోయ్ అన్నాను భోజనాల దగ్గర. అమ్మమ్మకి పొలమారింది. నేనే వీపు రుద్దాను. ఇంతటి డిటెక్టివ్‌ని కన్నందుకు మా అమ్మ గర్వపడాలి.

మార్చి 12

లైన్‌మాన్ మళ్ళీ వచ్చాడు. స్తంభం నుంచి మోడెమ్ దాకా అంతా బాగానే ఉందట. అంటుండగానే పదకొండు కొట్టింది. మోడెమ్ మీద లైటు కొట్టుకుని కొట్టుకుని ఆరిపోయింది. అతను హాల్లో ఫోను పెట్టె విప్పాడు. అందులోంచి ఇంకో తీగ గోడ వెంట పాకి, బీరువా వెనకనుంచి అమ్మమ్మ గదిలోకి దూరింది. ఈ జాయింట్ ఎవరు వేశారోగానీ ఆ చేతులకి దండం పెట్టాలండీ, మావాళ్ళలో కూడా ఇలా వేసేవాడు లేడు అన్నాడు.

నోరెత్తకుండా దాక్కోవాల్సిన ముద్దాయి, పొగడ్త వినేసరికి ఆగలేకపోయింది. గుమ్మంలోకి వచ్చి, నేనే నాయనా, పదేళ్ళయింది, ఊడిందేమో చూడు అంది.

ఉద్యోగంలో గంట గంటకీ ఒక్కో లైను ఎత్తి, గుయ్యిమనే డయల్ టోన్ ఉందో లేదో విని, పుస్తకంలో టిక్కు పెట్టాలట. రిటైరైనా గంట కొడితే చెయ్యి దానంతటదే లేస్తుందట. ఆ ఫోనుకి ఫిల్టర్ లేదు. ఆవిడ రిసీవర్ ఎత్తడం, పై అంతస్తు కూలడం. పొలమారిన రోజే తనవల్లేనేమోనని అనుమానం వచ్చిందట. చెబితే తీగ పీకేస్తామని భయమట.

హాల్లో ఫోను ఎత్తుకోవచ్చుగా అన్నాను. ఆ ప్లాస్టిక్ దాంట్లో టోన్‌కి జలుబు చేసినట్టుంటుందట. అసలు టోన్‌లో ఏముందే అమ్మమ్మా అన్నాను. టోన్ ఉందంటే అవతల ఎవరో కూర్చుని ఉన్నట్టేగా అంది. ఎవరూ లేరు, అది మెషీన్ అనబోయి నోరు మూసుకున్నాను. నా జీవితంలో ఇది మొదటిసారి.

ఇంకో ఫిల్టర్ కావాలంటే ఇరవయ్యో తారీఖు దాటాలట. నాన్న కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. దాన్ని లాక్కుని దాని మీద కూర్చున్నాను. గుచ్చుకుంది.

మార్చి 16

అమ్మమ్మ నల్ల ఫోను తీగ ఊడదీసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. నా చెయ్యి నా మాట వినదే, రేపటిదాకా నీ దగ్గరే ఉంచు అంది. నాలుగు కొట్టింది. కుడిచేతిని తువ్వాలు కింద దాచుకుంది. నేను చూడనట్టు నటించాను. బాగా నటించలేదు.

మార్చి 17

ముగ్గురు కూర్చున్నారు. సొంతంగా పరిష్కరించిన సాంకేతిక సమస్య ఒకటి చెప్పమన్నారు. నా దగ్గర ఉన్నదే ఒకటి. ఒకే తీగ, రెండు అంతస్తులు, లెక్కకి రాని ఫోను, అన్నీ చెప్పాను. విరిగిన పాలు కూడా. చెబుతుండగా పన్నెండు కొట్టింది. నా గుండె ఆగింది. నెట్ ఆగలేదు. తలుపు సందులో అమ్మమ్మ, ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకుని.

చివర్లో వాళ్ళలో పెద్దావిడ, ఇంతకీ మీ అమ్మమ్మగారికి ఫిల్టర్ వచ్చిందా అని అడిగింది. ఇంకా రాలేదండి అన్నాను. అయితే సమస్య పరిష్కారం కాలేదన్నమాట అంది.

నిజమే కదా.

మార్చి 23

ఫిల్టర్ వచ్చింది. అమ్మమ్మ లైన్‌మాన్‌ని ముట్టుకోనివ్వలేదు. స్క్రూడ్రైవర్ లాక్కుని తనే బిగించింది. పదకొండు కొట్టింది. రిసీవర్ ఎత్తింది. మోడెమ్ లైటు రెప్ప కొట్టలేదు. నేనూ నాన్నా లైన్‌మానూ చప్పట్లు కొట్టాం. నోళ్ళు ముయ్యండి, వినపడి చావట్లేదు అంది.

మార్చి 26

ఉద్యోగం వచ్చింది!! ఇంటినుంచే చెయ్యొచ్చట. మెయిల్ చివర పెద్దావిడ రాసిన వాక్యం: పెండింగ్ పని పూర్తయ్యాక తెలియజేయగలరు. ఫిల్టర్‌తో సహా అమ్మమ్మ ఫోటో పంపాను.

ఏప్రిల్ 2

అమ్మమ్మ రెండు రోజులకని మామయ్య ఇంటికి వెళ్ళింది. బస్సెక్కే ముందు ఒక రూళ్ళ నోటుబుక్కు నా చేతిలో పెట్టి డ్యూటీ అప్పగించింది. ఒక్క గంట తప్పినా చెవి మెలేస్తుందట. పదేళ్ళ టిక్కులున్నాయి అందులో.

ఏప్రిల్ 3

10.00. ఉంది.

11.00. ఉంది.

12.00. ఉంది.

1.00. కునుకు.

3.00. ఉంది. ఎవరో కూర్చునే ఉన్నారు.