నా పేరున పదకొండు కుక్కలు

బావా,

అక్కా, పిల్లలూ కులాసా అనుకుంటాను. నేనూ కులాసానే. నా పదకొండు కుక్కల సంగతే తెలియడం లేదు.

జంతు సంరక్షణాలయాలు దత్తత వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలని కొత్త నిబంధన వచ్చిందిగా. మీ సంరక్షణాలయం తరఫున మీరు పెట్టిన జాబితా ప్రకారం ఆ పదకొండింటినీ నేనే దత్తత తీసుకున్నానట. నిన్న మెట్ల మీద కింది వాటా ఆవిడ పట్టుకుంది. "ఏం బాబూ, మొరగకుండా వాటికేం పెడుతున్నావు? మా ఆయనకీ పెడదామని" అంది. నవ్వి ఊరుకున్నాను.

తర్వాత తనిఖీ అధికారి ఫోన్ చేశాడు. సోమవారం కుక్కల్ని చూడ్డానికి మా ఇంటికి వస్తాడట. అప్పుడు నవ్వు రాలేదు.

వానల్లో మీ దగ్గర కుక్కలకి జబ్బు పాకిందని అక్క నోరు జారింది. చనిపోయినవెన్ని అన్నచోట మీరు సున్నా వేశారు. మందుల్లేక పోయాయా, చూసే మనిషి లేక పోయాయా? ఏదైతే అదే రాయండి. ఉద్యోగం పోతుందని భయపడితే ఎలా? అక్కడ ఇంకా కుక్కలున్నాయి. లెక్క తేలితేగానీ వాటికి మందులు రావు.

సోమవారంలోపు మీరే దిద్దితే సరి. లేదంటే నేనేమీ మాట్లాడను. తలుపు తీసి, ఉన్న ఒక్క గదీ ఆయనకి చూపిస్తాను.

మీ బావమరిది