ఆరో ఇప్పపలుకు

మద్దేడు, బస్తరు స్టేటు
బహుధాన్య మాఘ బహుళం, ఆదివారం
12-2-1939

మహారాజశ్రీ బావగారు కాశీవిశ్వనాథం గారికి, మీ బావమరిది వెంకటనారాయణ నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. దుమ్మగూడెంలో మీరూ సుశీలక్కా పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి అని రాయబోయి కలం ఆపాను. ఆ మాట తర్వాత రాయాల్సిన సంగతి ఒకటుంది. అది రాయలేక పద్దెనిమిది నెలలుగా కుశలం దగ్గరే ఆగిపోతున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ పొయ్యిలో వేశాను. ఏంది, ఊకె కాయితాలు తగలబెడుతున్నవ్ అని అమ్మ కూడా అడిగింది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. ఇప్ప నూనె కాచి రాస్తున్నాం. నాకు వారం రోజులుగా ఒళ్ళు వెచ్చబడుతోంది, కంగారు పడాల్సిందేమీ లేదు. మీరు ఖాళీ చేసిన దుకాణంలో ఇప్పుడు శ్రీరంగం గారి తవుడు బస్తాలున్నాయి. ఈ దుకాణం సంగతి అక్కకి చెప్పకండి.

ఇక చాలు. నేను రాయాల్సింది ఆయతు గురించి.

ఆ పేరు చూడగానే మీరు ఉత్తరం మడిచేస్తారని తెలుసు. దయచేసి మడవకండి. వచ్చే సంతనాడు వాళ్ళ అడవి ఊళ్ళ కులపెద్దలు కూర్చుంటున్నారు. ఆయతుని మళ్ళీ పంక్తిలో కలుపుకోవాలో, పటేలు పని వేరేవాళ్ళకిచ్చి ఇంటిల్లిపాదినీ ఊరి అవతలికి పంపాలో ఆ రోజు తేల్చేస్తారు. ఉప్పు మీద ఒట్టు తప్పాడని కాశీ సావుకారు అన్న మాట మీద వెలివేశాం, మళ్ళీ ఆ సావుకారి మాట మీదే తీసుకుంటాం అంటున్నారు. అంటే మీరు రావాలి. రాలేకపోతే ఆయతు ఒట్టు తప్పలేదని మీ చేత్తో నాలుగు ముక్కలు రాసి పంపాలి. అలా రాయడానికి మీకు ఆధారం కావాలి కదా. ఆధారం నా దగ్గరుంది.

బావా, మద్దేడు బజారులో రెండు పార్టీలున్నాయని మీరనుకున్నారు. ఊరంతా అదే అనుకుంది. శ్రీరంగం గారి పార్టీ ఒకటి, మన పార్టీ ఒకటి. వాళ్ళు తూర్పు వైపు అరుగు మీద కూర్చుంటే మనవాళ్ళు పడమర అరుగు మీద. వాళ్ళు భజన పెడితే మనం వేరే భజన. వాళ్ళింట పెళ్ళికి మనం పోతే నోట్లో అన్నం దిగేది కాదు. బజారు పెద్ద, ముఖియా ఎవరో మీలో మీరే తేల్చుకోండని తహసీలు నుంచి మాట వచ్చినప్పుడు, మీరు పట్టుకున్నది ఒకే ఒక్క సంగతి. సంతకి వచ్చిన మనిషిని సంతలో బేగారికి, వెట్టి మోతకి, పట్టడానికి వీల్లేదు, నేను ముఖియానైతే పట్టనివ్వను అన్నారు. గంపలో చింతపండుతో ఉప్పు కోసం వచ్చినవాణ్ణి జవాను రెక్క పట్టుకుని, నెత్తిన డేరా గుంజలు పెట్టి, నాలుగు రోజులు నడిపించి వదిలిపెడుతుంటే, ఈ బజారులో దానికి నోరు విప్పిన సావుకారు మీరొక్కరే. అందుకే ఆయతుతో కలిపి ఆరుగురు ఊరిపెద్దలు మనవైపు వచ్చారు. మన పెరట్లో ఇరవై ముగ్గురం గుప్పిట్లో ఉప్పు పట్టుకుని ఒట్టేశాం. వాళ్ళవైపు పద్దెనిమిది. మీరు గెలిచినట్టేనని అక్క అప్పుడే బెల్లం పానకం కలిపింది.

కానీ ఆ రెండు పార్టీల కింద ఇంకో జట్టు ఉంది. దానికి పేరు లేదు, అరుగు లేదు, భజన లేదు. మధ్యాహ్నం దుకాణాలు మూసుకుని అందరూ కునుకు తీసే వేళ మన పార్టీ ముత్తయ్య ఉప్పుకొట్లో కలిసేవాళ్ళు. పొద్దున శ్రీరంగం గారి గుమ్మం ముందు కాండ్రించి ఉమ్మిన ముత్తయ్యే, మధ్యాహ్నం ఆయనకు పీట వేసి మజ్జిగ ఇచ్చేవాడు. దొరల డేరాలు మోసే బేగారి కావళ్ళ మీద వీళ్ళ కరక్కాయ బస్తాలూ సారపప్పు మూటలూ ఎక్కి గోదావరి దాకా పోయేవి. జవాన్లు చూడనట్టు ఉండేవాళ్ళు. బేగారి ఆగితే బండ్లు కట్టుకోవాలి, ఈ వాగుల్లో బండి నడిచేది ఏడాదికి ఆర్నెల్లు. అందుకని మన పార్టీలో ఉండి, మీ పక్కన కూర్చుని, మీ మాటకు చప్పట్లు కొట్టి, మిమ్మల్ని ఓడించాలని అక్కడ అనుకున్నారు.

మిగతాది మీకు గుర్తుండే ఉంటుంది. చదువు రానివాళ్ళు ఎక్కువని తలా ఒక ఇప్పపలుకూ ఒక చింతగింజా ఇచ్చారు. తడిక వెనక ఒంటరిగా వెళ్ళి, మీకైతే ఇప్పపలుకు, శ్రీరంగం గారికైతే చింతగింజ కుండలో వేసి, చేతిలో మిగిలింది ఎవరికి వారు పారేసుకోవాలి. కుండ బోర్లిస్తే ఇరవై మూడుండాల్సిన పలుకులు పదిహేడే ఉన్నాయి. ఆరు తగ్గాయి, మీరు ఓడిపోయారు. మనవైపున్న ఊరిపెద్దలు ఆరుగురు. ఇంకేం కావాలి? లెక్క సరిపోయిందని ముత్తయ్యే మొదట అరిచాడు. మిగతా ఐదుగురి దగ్గరా ఏమీ దొరకలేదు, ఆయతు రొండిన తడిమితే ఇప్పపలుకు దొరికింది. పలుకు చేతిలో మిగిలిందంటే చింతగింజ కుండలో వేసినట్టే కదా.

ఆయన భాష వచ్చినవాణ్ణి నేనే కాబట్టి నన్నే అడగమన్నారు. ఇది నీ దగ్గరికి ఎట్లా వచ్చిందని నలుగురిలో నేనే అడిగాను. ఆయన నా వంక చూశాడు. ఏమీ చెప్పలేదు. ముత్తయ్య ఆ పలుకు మొహం మీద విసిరికొడితే, ఆయతు వంగి దుమ్ములోంచి ఏరుకుని మళ్ళీ రొండినే దోపుకున్నాడు. ఎంత సిగ్గులేని మనిషి అని మీరన్నారు. మీరు పెద్దగా తిట్టే మనిషి కారు. ఆ ఒక్క మాటకే ఆయన వడలిపోయాడు. నేను మీ పక్కనే నిలబడి తల ఊపాను.

మాట మార్చి మీకో పాత సంగతి గుర్తుచేస్తాను. ఏడేళ్ళ కిందట జగదల్‌పూర్‌లో గోంచా పండగ రథం చూడ్డానికి పోయినప్పుడు, జగన్నాథుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరం పెట్టుకుని నేనూ ఆయతూ మహాప్రసాద్‌లమయ్యాం. కోమటి పిల్లాడికి అడవి స్నేహం అని మీరు ఆటపట్టించారు కూడా. ఆనాటి నుంచీ నేనాయన పేరు పెట్టి పిలవకూడదు, ఆయన నా పేరు పలకకూడదు. మహాప్రసాద్ అనే పిలుచుకోవాలి. ఒకరి మీద ఒకరం చెడ్డమాట చెప్పకూడదు. ఒకరిచ్చింది ఇంకొకరు పారేయకూడదు. ఆ ఏడు వానల్లో నేను ఊరికే ఇచ్చిన గొడుగు విరిగిపోతే, దాని కర్రని కూడా ఆయన ఇంటి చూరులో దోపి దాచాడు. నేను నవ్వాను. ఆయనకు అది నవ్వే సంగతి కాదు. ఈ ఉత్తరంలో ఆయన పేరు ఇన్నిసార్లు రాశాను చూడండి, ఆ వరసకి నేను ఎప్పుడో దూరమయ్యాను.

పోయిన సంతలో బేగారికి ఆయతునే పట్టారు. వెలివేసిన మనిషికి అడ్డం వచ్చేవాళ్ళెవరు? భూపాలపట్నం దాకా కావడి మోయించారు. దారిలో వెదురు మొద్దు అరికాల్లో దిగినా దించనివ్వలేదట. భుజం తోలు లేచిపోయింది. భార్య సోమి పసరు కడుతోంది. పొలంలో పని ఆగిపోయింది, కులంవాళ్ళెవరూ చెయ్యి వేయడానికి లేదు కాబట్టి కూతురు హిడ్మే ఒక్కతే తిప్పలు పడుతోంది.

అందుకే రాస్తున్నాను. మీ పార్టీని వంచించినవాళ్ళు ఊరిపెద్దలు కారు, మన సావుకార్లే. ముత్తయ్యా, నందా, ఇంకో ముగ్గురూ. ఐదుగురి పేర్లూ వేరే కాగితం మీద రాసి లోపల పెట్టాను. ఆరోవాడెవరో నాకు తేలలేదు. ఈ సంగతి తెలిసి కూడా మీకు చెప్పనందుకు నన్ను ఏమన్నా పడతాను. భయపడ్డాను. ఈ బజారులోనే బతకాలి కదా అనుకున్నాను. మీరు మాత్రం ఆయతు గురించి నాలుగు ముక్కలు రాయండి. ఈ ఉత్తరం తెచ్చే జోగ అక్కడే ఆగి మీ జవాబు పట్టుకొస్తాడు.

సుశీలక్క పాదాలకు నా దండాలు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ ముందు తలెత్తలేని
వెంకటనారాయణ

తా.క. ఉత్తరం మడిచి, జోగని కేకేద్దామని గుమ్మంలోకి వచ్చేసరికి హిడ్మే నిలబడి ఉంది. ఆకుదొన్నెలో సారపప్పు తెచ్చింది. మహాప్రసాద్‌కి జ్వరమట, ఇచ్చి రమ్మన్నాడు మా అయ్య అంది. కులపెద్దల ముందు నిలబడేవాడి రొండిన ఏమీ ఉండకూడదట, అందుకని మహాప్రసాద్ వస్తువు మహాప్రసాద్ దగ్గరే ఉంచమన్నాడు, పని అయినాక వచ్చి మళ్ళీ తీసుకుంటాడట అని, ఇంకో చిన్న ఆకుమడత నా చేతిలో పెట్టింది. అందులో ఏముందో ఆ పిల్లకు తెలియదు. నేను విప్పకుండానే తెలుసుకున్నాను.

బావా, పైన ఒక అబద్ధం రాశాను. క్షేమం అడిగిన ఉత్తరంలోనే, ఇంత సిగ్గుపడుతున్నానని రాస్తూనే రాశాను. ఆరోవాడు ఎవరో నాకు తెలుసు. ఉప్పుకొట్లో ముత్తయ్య పక్కన కూర్చుని నేను కూడా మజ్జిగ తాగాను. తడిక వెనక చింతగింజ వేసి బయటికొచ్చేసరికి, మీరు సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకోవడానికి ఎదురొస్తున్నారు. గుప్పిట్లో ఇప్పపలుకు ఉంది. పారేసే వ్యవధి లేదు. పక్కనున్న ఆయన చేతిలో పొగాకు ఇచ్చినట్టు పెట్టి, మహాప్రసాద్ ఇది ఉంచు అన్నాను. ఆయన అదేమిటని చూడలేదు, అడగలేదు, రొండిన దోపుకున్నాడు. తన చింతగింజ తుప్పల్లోకి విసిరేశాడు, నేనిచ్చింది మాత్రం ఉంచుకున్నాడు. ఆ తర్వాత అందరి ముందూ, ఇది నీ దగ్గరికి ఎట్లా వచ్చిందని నేనే ఆయన్ని అడిగాను.

పోయిన సంతలో ఆయన కావడి మీద డేరా గుంజల పైన కట్టిన కరక్కాయ బస్తా కూడా నాదే. బస్తా మీద నా గుర్తు చూసి, ఇది మా మహాప్రసాద్‌ది, తడవకూడదు అని వాగు దాటేటప్పుడు తలమీద పెట్టుకున్నాడని తోటి కావడివాడు చెప్పాడు. కాలు అప్పటికే చిల్లుపడి ఉంది.

కులపెద్దల ముందు ఈ మాట నేనే చెబుతాను. మీరు రండి, రాకపోండి, చెబుతాను. ఆకుమడతలోది ఈ కవరులో పెట్టాను. ఎండి, ఒక పక్క పురుగు తొలిచింది. ఆనాడు మీ పేర కుండలో పడాల్సిన ఇప్పపలుకు ఇదే బావా, తీసుకోండి.