కర్టెన్ రాడ్ అన్నది నేనే

హుస్సేనీ ఆలం,
ఆదివారం.

మావారికి మహేశ్వరి నమస్కారం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అత్తమ్మ, శ్రీహిత, నేను బాగానే ఉన్నాము. మీరూ బాగున్నారని, పుణె నీళ్ళు మీ ఒంటికి పడ్డాయని సామ్యూల్ అన్న చెప్పాడు. ఆయన చేత పంపిన మీ ఉత్తరం అందింది. రేపు మళ్ళీ బండెక్కుతున్నాడట, అందుకే ఇవ్వాళే కూర్చుని రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్ చేసినప్పుడు మీ గదిలోవాళ్ళ మాటలు వినబడుతుంటాయి, నా నోరు పెగలదు. నా చదువు ఐదో తరగతి దగ్గరే ఆగింది కదా, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మీరడిగినవి చెబుతాను. అత్తమ్మ మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. మీ మీద బెంగ పెట్టుకుంది గాని పైకి చెప్పదు. "వాడు ఆడ ఏం తింటుండో ఏమో, నాకైతే ఈడ దొండకాయనే" అని నన్ను దెప్పుతుంది. మీ చెల్లెలు శ్రీహిత సంబంధం ఖాయమైంది. కిషన్‌బాగ్ వాళ్ళే, కరెంటాఫీసులో పనిచేసే నిఖిలేష్. పెళ్ళి వానలు తగ్గాక పెట్టుకుందామన్నారు. మెట్ల కింద మీ లేత్ మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉంచాను. గోడకు చెమ్మ ఎక్కలేదు.

ఇక చివర్లో మీరు రాసినది. "దూలానికి వేలాడుతున్న కట్టెలన్నీ మంచం కాళ్ళు చేసే దుకాణానికి ఇచ్చెయ్యి. నా చెయ్యే వంకర. ఆ పిల్లగాడు చూడటానికి కూడా రాలేదంటే ఇంకేముంది" అని రాశారు. అది చదివి ఉత్తరం మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను. అన్నం వండుతూ మళ్ళీ తీసి చదివాను. కట్టెలు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు. రెండు కాగితాలు చించేశాను, ఇది మూడోది.

ఆ పిల్లగాడు వచ్చాడు.

నిఖిలేష్, వాళ్ళమ్మ యశోదమ్మ శ్రీహితను చూడటానికి వచ్చిన రోజు మీకు గుర్తుందా? వాళ్ళకు నమస్కారం పెట్టి, క్యూ కర్ర కొనకు అతికించే తోలు బిళ్ళ తేవాలని మీరు బయటికి పోయారు. వచ్చినవాళ్ళకు చాయ్ ఇస్తుంటే యశోదమ్మ తల పైకెత్తి, "గివేందమ్మా, పొడుగు కట్టెలు దారాలకు ఏలాడుతున్నయి" అని అడిగింది. బల్ల మీద బంతులు కొట్టే పూల్ ఆట క్యూలు అని చెప్పాలి. నా భర్త తన చేత్తో చేస్తాడని చెప్పాలి. ఆ ఆట ఆడే పార్లర్లంటే సిగరెట్ పొగ, పందేలు, కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలు అని మన గల్లీలో అందరూ అనుకునేదే నా మనసులోకి వచ్చింది. శ్రీహిత సంబంధం చెడుతుందేమో అనుకున్నాను. అబద్ధం చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. నా అంతట నేనే "కర్టెన్ రాడ్లు" అన్నాను.

అప్పుడే తలుపు దగ్గర ఒక అబ్బాయి నిలబడ్డాడు. "భాభీ, క్యూ స్టిక్‌లు చేసే ప్రహ్లాద్ అన్న ఇల్లు ఇదేనా? మొఘల్‌పురా పార్లర్ అంజన్న పంపిండు" అన్నాడు. మీరు ఎదురుచూస్తున్న విశాల్ ఇతనే అని, తను పేరు చెప్పకముందే నాకు తెలిసింది. వాడి చేతిలో మన క్యూ ఒక్కటి పడితే చాలు, ఆడేటోళ్ళంతా చూస్తరు అని మీరు ఎన్నిసార్లు అన్నారు. నా వెనక యశోదమ్మ వింటున్నది. "ఇక్కడ అసొంటోళ్ళు ఎవ్వరు లేరు" అని తలుపు దగ్గరికి వేశాను.

మీరు తిరిగి వచ్చి తోలు బిళ్ళను వెలుతురులో పెట్టి నాకు చూపించారు. "ఎవరన్న వచ్చిండ్రా?" అని అడిగారు. రాలేదన్నాను. మర్నాడూ అడిగారు. తర్వాత అడగడం మానేశారు. పోయి విచారించరాదురా అని అత్తమ్మ అంటే, "గిరాకీ గుమ్మం తొక్కాలె గాని, మనం ఎంటవడితే విలువుండదు" అన్నారు. ఆ తర్వాత సామ్యూల్ అన్నతో పుణె ఫర్నిచర్ కంపెనీకి పోతానన్నప్పుడు మీ బట్టలు నేనే మడత పెట్టాను. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

ఇంతటితో అయిపోలేదు. మీరు పోయాక ఒకరోజు నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి ఒక మేకు ఖాళీగా ఉంది. యశోదమ్మ వచ్చి, కిటికీకి ఒక కర్టెన్ రాడ్ కావాలంటే, అత్తమ్మ కొత్త చుట్టరికమని కాదనలేక తెంపి ఇచ్చిందట. ఇచ్చింది ఏది అనుకుంటున్నారు? అదే, విశాల్‌కు చూపించాలనుకున్నది. ఒక పొర తీసి, నెలల తరబడి వేలాడదీసి, ఎటు వంగుతుందో చూసి మళ్ళీ పొర తీసినది. "కట్టెకు గూడ మనసు కుదురుకోవాలె" అనేవారు కదా. మొదలు దగ్గర ముత్యపుచిప్పతో పువ్వు పొదిగారు. నా చెయ్యి మెత్తనని ఆఖరి గరుకు కాగితం నాతోనే పట్టించారు. ఆ పువ్వును బొటనవేలితో ఎన్నిసార్లు తడిమానో. అదే నా నోటి నుంచి కర్టెన్ రాడ్ అయింది.

అప్పుడు కూడా ఊరుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక ఊరుకోలేకపోయాను. నా చెయ్యే వంకర అని మీరు రాసుకున్నారు కదా, ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. కిషన్‌బాగ్ పోయాను.

కిటికీకి ఆకుపచ్చ పరదా, ఇత్తడి రింగులు, వాటి పక్కన మీ పువ్వు. "మీ ఇంటాయన కర్టెన్ రాడ్‌కు గూడ పువ్వు పెట్టిండు సూడు, ఏం ఓపిక" అని యశోదమ్మ మురిసిపోయింది. నేను నేల చూస్తూ, "చిన్నమ్మా, అది కర్టెన్ రాడ్ కాదు. పూల్ ఆడే క్యూ. మా ఆయన చేస్తడు. ఆ రోజు నేను అబద్ధం చెప్పిన" అన్నాను. ఆవిడకు వినబడలేదు. రెండోసారి చెప్పవలసి వచ్చింది.

ఆవిడ ఏదో అనబోయేలోగా నిఖిలేష్ లేచి పరదా దించాడు. "క్యూ అని నాకు ఆ రోజే తెల్సు అక్కా" అన్నాడు.

"తెల్సా? నీకెట్ల తెల్సురా?" అంది వాళ్ళమ్మ.

అతను తల గోక్కున్నాడు. "ఆఫీస్ అయినంక అప్పుడప్పుడు ఆడుతనే. నీకు జెప్తే లొల్లి చేస్తవని జెప్పలే."

"ఆఫీసుల లేట్ అయితున్నదని అబద్ధాలా? నేను ఈడ బువ్వ ముందల పెట్టుకొని కూసుంట" అని ఆవిడ అతన్ని తిట్టడం అందుకుంది. సంబంధానికి ఏమీ కాలేదు. నేను దేనికి భయపడి మిమ్మల్ని కాదన్నానో అది అక్కడ లేనేలేదు. ఆ మాట తెలిశాక నా సిగ్గు ఇంకా ఎక్కువైంది.

మీరు చేసినట్టే క్యూను బండల మీద పెట్టి దొర్లించాను. నడుమ కింద వెలుతురు కనబడింది, పోయింది, మళ్ళీ కనబడింది. పరదా బరువుకు వంగిపోయింది.

నిఖిలేష్ మర్నాడు నన్ను మొఘల్‌పురా తీసుకుపోయాడు. క్యూను పాత చీరలో చుట్టుకుని ఆ పార్లర్ మెట్లెక్కాను. నన్ను చూసి అందరూ ఆట ఆపారు. విశాల్ గుర్తుపట్టాడు. "ఆ ఇంట్ల అసొంటోళ్ళు ఎవ్వరు లేరంటిరి గదా భాభీ" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు.

"ఉన్నరు. నేనే సిగ్గుపడి లేరన్న" అన్నాను.

విశాల్ క్యూను బల్ల మీద దొర్లించి, "వంగింది" అన్నాడు. మళ్ళీ తీసి, వేలి మీద నిలిపి తూకం చూశాడు. "ఇప్పుడు కొత్తగా చేసేటోళ్ళల్ల ఈ అన్న చెయ్యి బాగుంటదని అంజన్న ఊకెనే అనలే. తూకం మస్తుంది. ఇసొంటిదే ఇంకోటి చేస్తడా?"

"చాన టైం వడ్తది" అన్నాను.

"పడనియ్. అన్న వస్తడా మరి?"

క్యూకు మళ్ళీ పాత చీర చుట్టి మెట్లు దిగాను.

మిగతా కట్టెలు మేకులకే ఉన్నాయి. వంగినదాన్ని కూడా దాని మేకుకే కట్టాను. అది మీ చేతిలోంచి నిటారుగానే వచ్చింది, వంచింది నేను. అక్కడ కూర్చుని మీ చేతిని తిట్టుకోకండి. నన్ను తిట్టండి. ఉత్తరంలో వద్దు, ఎదురుగా నిలబెట్టి తిట్టండి.

అత్తమ్మకు అంతా చెప్పాను. ఇవ్వాళ పొద్దున నేను సుద్దముక్క తీసుకుని మన తలుపు మీద "క్యూలు చేసే ప్రహ్లాద్ ఇల్లు ఇదే" అని రాశాను. అత్తమ్మ శ్రీహితతో చదివించుకుంది. "పేరు రాసినవ్, మంచిగుంది. ఫోన్ నంబర్ గూడ రాయి. మల్ల ఎవడన్న వస్తే తలుపు తీసేది నువ్వే గదా" అంది.

నంబరు కూడా రాశాను.

ఇట్లు,
మీ ఇంటిది,
మహేశ్వరి