సెమినార్ల నిలబెడుతరట

జనగామ హాస్టల్

బాపుకు పూజ మొక్కులు.

ఇక్కడ ఫోన్లు తీసిపెట్టుకున్నరు, గందుకే ఉత్తరం. మా ఇంగ్లిష్ సారు మాటల పుట్టుక చెప్తున్నడు. స్కూలు అంటే పాతకాలంల తీరిక అని అర్థమట. ప్యూపిల్ అంటే అనాథ పిల్లనట. విని మస్తు నవ్వుకున్నం.

నీ బిడ్డ పూజ

మరిచిన: డిప్లొమా అంటే మడతపెట్టిన కాగితమట.

*

నెల్లికుదురు తండా

బిడ్డ పూజకు హరిలాల్ దీవెనలు.

నీ ఉత్తరం చదివినప్పటిసంది నిన్ను కన్న యాడి రుక్కి ముద్ద ముట్టలే. అమ్మానాయిన బతికుండంగ నిన్ను అనాథ అని ఎవరు రాసుకున్నరు? బడి అంటే తీరికైతే సార్లు వస్తలేరా? భయమైతే దాయకు, నిజం రాయి.

మీ బాపు

ఇంకో మాట: అన్నమన్న పెడుతున్నరా, గది గూడ కాగితంల మడిచి చూపిస్తున్నరా?

*

జనగామ

బాపూ, పరేషాన్ గాకు.

గవి ఉత్త అర్థాలే, నన్నెవ్వరు అనాథ అనలే. నా భయం వేరే. వచ్చే సోమవారం సెమినార్ల నన్ను నిలబెడుతరు. నోరు తెరిస్తె తండా యాస అని ఎనుక బెంచీలోళ్లు నవ్వుతరు. ఇప్పటిసందే కాళ్లు వణుకుతున్నయి. తప్పించుకునే తొవ్వ లేదు.

పూజ

మరిచిన: సెమినార్ అంటే నారుమడి అట.

*

తండా

బిడ్డా, సమజైంది.

చదువుకని పంపిస్తె నారుమడిల నిలబెడుతరా, కాళ్లు వణికేదాక? హాస్టల్‌కు ఫోన్ చేస్తె ఎవ్వలు ఎత్తలే. మిరపకాయ ఏరుడు ఆపి సోమవారం నేను, మీ యాడి వస్తున్నం. ఎవ్వలతోని కొట్లాడకు.

నీ బాపు

ఇంకో మాట: మేం రాకముందే మడిల దింపితె, జలగ పడితె గుంజకు. ఉప్పు చల్లు.

*

జనగామ

బాపూ, మంచిగ చేరినవనుకుంటున్న.

గా సోమవారం మైకు ముందట ఒక్క మాట రాక నిలబడ్డప్పుడే మీరు తలుపుకాడ కనబడ్డరు. నువ్వు సారుకు చేతులు జోడించి, "నాట్లు నేను, నా పెండ్లాం ఏస్తం. పిల్లను చదువుకోనియ్యున్రి" అన్నవ్. క్లాసంత నవ్వింది. గా నవ్వు నీ మీద పడంగనే నా వణుకు ఎటు పోయిందో. "మా బాపు చెప్పింది తప్పు కాదు" అని అందుకున్న. మన యాసలనే గంట కొట్టేదాక మాట్లాడిన. సారు గూడ ఎనుక బెంచీల కూసొని విన్నడు.

నీకు చెప్పని ముచ్చట ఒకటున్నది. గా పొద్దున్నే బట్టలన్ని సంచిల సర్దిన. చదువు బంద్ చేసి ఇంటికి మానుకోట రైలెక్కుదామనుకున్న. మీరు రాకుంటే ఎక్కుతుంటి. ఇప్పుడు సంచి ఖాళీ చేసిన.

నీ పూజ

మరిచిన: నాకు కావలుంటనని ఆగిన యాడి ఇంక కదులుతలేదు. పిల్లలందరు ఆమెను యాడీ అనవట్టిరి. పప్పుల కారం లేదని వంటామెను రోజు తిడుతున్నది. జల్ది వచ్చి తీస్కపో. ఇప్పుడు భయపడేది వార్డెన్ మేడమే.